చెరుకు ఆపిన సినిమా

ఇప్పుడు మీరు సినిమా చూస్తూ దాహమేస్తే బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, బొమ్మను ఉన్నచోటే నిలబెట్టి, నీళ్లు తాగి, అంగడికి పోయి కొత్తిమీర కూడా తెచ్చుకుని, తీరిగ్గా వచ్చి మళ్లీ నడిపిస్తారు. గాలిలో కాలెత్తిన హీరో ఎత్తిన కాలు ఎత్తినట్టే మీ కోసం కాచుకుని ఉంటాడు. ఈ సదుపాయం ఏ దేశంలో పుట్టిందని మీ పుస్తకాల్లో రాశారో నాకు తెలియదు. నాకు తెలిసినంతవరకు ఇది బోధన్ అవతల ఒక చెరుకు తోట గట్టున, ఒక బావాబామ్మర్దుల జిద్దులోంచి, అంటే పంతంలోంచి, పుట్టింది. పుట్టినప్పుడు మంత్రసానిలాగా పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

నేను ఛత్రీలు బిగించేవాణ్ని. ఆకాశం నుంచి టీవీకి బొమ్మ దించే గిన్నెను మా నిజామాబాద్ వైపు ఛత్రీ అంటారు. దానికి వైరుతో కలిపి టీవీ పక్కన పెట్టేదాన్ని డబ్బా అంటారు. డబ్బా కడుపులో ఒక కార్డు ఉంటుంది. అంతే, ఇంతకుమించి మీరు నేర్చుకోవలసిన సాంకేతిక విద్య ఏమీ లేదు. మేము కూడా నేర్చుకోలేదు. మాక్లూర్ నుంచి ముప్కాల్ దాకా నేను ఎక్కని డాబా లేదు. జక్రాన్‌పల్లిలో కుక్కలు నన్ను చూసి మొరగడం మానేసి, ఏ ఇంట్లో టీవీ చెడిందో అక్కడికి ముందు నడిచి తోవ చూపించేవి. చివరికి నా మోకాళ్లే నన్ను నిచ్చెన మీద నుంచి రిటైర్ చేశాయి. లేకపోతే ఈపాటికి ఉపగ్రహం దాకా ఎక్కి చేత్తోనే తుడిచి వచ్చేవాణ్ని.

నాతో జోడీగా తిరిగిన అన్న మెథడిస్టు. ఆదివారం చర్చిలో పాటల బృందానికి ఆయన గొంతే దూలం. మిగతా ఆరు రోజులు ఆ గొంతు ఛత్రీల దగ్గర పనికొచ్చేది. గిన్నెను తిప్పేముందు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసేవాడు. నేను సిగ్నల్ కొలిచే మీటరు చూపిస్తే, "గది మనిషి చేసింది తమ్మీ, గంతగనం నమ్మకు" అనేవాడు. ఆయన బయట గిన్నె తిప్పుతూ "అచ్చిందా?" అని కేకేస్తే, లోపల టీవీ ముందు నిలబడ్డ నేను "అచ్చింది" అనో "పోయింది" అనో తిరిగి కేకేయాలి. ఈ రెండు మాటలతోనే మా ఉద్యోగ జీవితం గడిచిపోయింది. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని మా అమ్మ అడిగితే నేను "అచ్చింది" అన్నానని అన్న ఊరంతా చాటింపు వేశాడు.

మా దుకాణం సేటుది ఇంకో వేదాంతం. "సిగ్నల్ పోతే వాన మీద పెట్టు. వాన లేకుంటే కోతి మీద పెట్టు. రెండు లేకుంటే ఊకె మీదికి సూసి తల ఊపు" అని పనిలో చేరిన రోజే ఉపదేశించాడు.

ఆ కాలంలోనే కోరిన సినిమా ఇంటికి పంపే పద్ధతి వచ్చింది. ఫోన్ చేసి కార్డు నంబరు చెప్పి, ఫలానా సినిమా కావాలంటే, ఆ రోజు ఆట వేళకు మీ డబ్బాలో ఆ సినిమా తాళం తెరుచుకునేది. ఆట వేళ మాత్రం వాళ్లదే. మొదలైతే ఆగదు. ఈ సంగతి మా జనానికి ఎక్కించడానికి నాకు తాతలు దిగివచ్చారు. నేనే ఎక్కడో కూర్చుని రీలు తిప్పుతున్నానని వాళ్ల నమ్మకం. "తమ్మీ, బర్రె ఈనుతున్నది, జర సినిమ ఆపుమను" అని ఒకరు, "ఏడుపు పాట అయిపోయెదాంక సౌండు తక్కువ పంపుమను, మా అత్తకు గుండె బాగలేదు" అని ఇంకొకరు ఫోన్ చేసేవారు.

డబ్బాల సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడు మా దుకాణానికి మొండి సరుకు ఒకటి వచ్చింది. సిగ్నల్ పోతే తక్కిన డబ్బాలు మర్యాదగా తెర నల్లగా చేసి, సిగ్నల్ లేదని రాసి చూపించేవి. ఈ మొండివి మాత్రం ఆఖరుగా చూసిన బొమ్మను పళ్లతో కరిచి పట్టుకునేవి. కార్డు పీకి మళ్లీ పెడితే తప్ప వదిలేవి కావు. ఒక ఇంట్లో వార్తలు చదివే అమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే నిలిచిపోతే, ఆ ఇంటి అవ్వ పాపం ఎవరి కన్ను తగిలిందోనని ఆమెకు మిరపకాయలతో దిష్టి తీసింది.

అలాంటి మొండి డబ్బాల్లో ఒకటి, ఆ బావాబామ్మర్దుల్లో బావ అయిన పెద్దాయన ఇంటికి పోయింది.

పెద్దాయన చెరుకు రైతు. ఊరి చివర గూనపెంకుల ఇల్లు. పెరటి గట్టు దాటితే బామ్మర్ది చెరుకు తోట. ఆయన వయసులో ఉన్నప్పుడు, పెళ్లయిన కొత్తలో, సినిమావాళ్లు ఆ ఊరి తోవలో ఒక ముక్క తీశారట. హీరో ఒంటెద్దు బండి ఎక్కి పోవాలి. ఆ బండి పెద్దాయనది, ఎద్దు పెద్దాయనది, పగ్గం పట్టుకున్నది పెద్దాయన. ఆ సినిమా మా వైపు హాళ్లకు వచ్చినప్పుడు ఆయన చలిజ్వరంతో మంచాన ఉన్నాడు. లేచేసరికి సినిమా వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఆయనకు మిగిలింది ముచ్చట ఒక్కటే. ఆ ముచ్చటను ఆయన యాభై రకాలుగా చెప్పేవాడని ఊరివాళ్ల లెక్క. మొదట్లో హీరో "పోనియ్" అన్నాడట. కొన్నేళ్లకు "పోనియ్ అన్నా" అన్నాడట. నేను వినేనాటికి హీరో ఆయన భుజం మీద చెయ్యేసి సొంత కష్టాలు చెప్పుకుని ఏడ్చే దాకా వచ్చింది.

నమ్మనివాళ్లలో పెద్దవాడు బామ్మర్ది. "సినిమల ఎద్దున్నదో లేదో తెల్వదు గని, మా బావ మాత్రం అప్పటిసంది ఆక్టింగు ఆపలె" అనేవాడు.

మేము ఛత్రీ పెట్టడానికి పోయింది ఎండకాలం మొదట్లో. పెంకుల మీద కాలు పెడితే విరుగుతాయి, మట్టిగోడకు బోల్టు నిలవదు. పెద్దాయనే పెరటి గట్టు మీద చోటు చూపించాడు. ఉపగ్రహం మాకు ఆగ్నేయ దిక్కున. పెద్దాయన భార్య పెద్దవ్వకు అది నచ్చలేదు.

"ఆగ్నేయమంటె పొయ్యి మూల. గాడ గీ గిన్నె వెడితె ఎట్ల బిడ్డా?" అంది.

"పొయ్యి కాడ గిన్నె లేకుంటె ఇంకేడుంటదవ్వా" అన్నాడు మా అన్న. ఆమె ఆలోచించి, న్యాయమే అని లోపలికి పోయింది.

గుంత తవ్వి పైపు పాతాం. గట్టు అవతల బామ్మర్ది తోటలో అప్పుడే చెరుకు కొట్టేశారు. మోళ్లు తప్ప ఏమీ లేవు. నిజామాబాద్ దాకా ఆకాశం ఖాళీగా ఉంది. బొమ్మ అద్దంలాగా వచ్చింది. అక్కడ నిలబడ్డవాళ్లలో పెద్దాయన పుట్టినప్పటి నుంచి చెరుకు పండిస్తున్నాడు, బామ్మర్ది పండిస్తున్నాడు, చూడవచ్చిన ఊరంతా చెరుకు తిని, చెరుకు అమ్మి, చెరుకు మీద అలిగి బతుకుతున్నవాళ్లే. ఆ మోళ్లలోంచి మళ్లీ చెరుకు మొలుస్తుందని, మొలిచి పెరుగుతుందని ఒక్కరికీ తోచలేదు. చెరుకు రైతుకు చెరుకు పెరుగుతుందని ఛత్రీలవాడు చెప్పాలా?

పెరిగింది. శ్రావణంలో ఛత్రీ నడుముకొచ్చింది. బతుకమ్మ నాటికి నెత్తి దాటి, గట్టు మీదికి వంగి గిన్నెలోకి తొంగిచూసింది. గాలి వీస్తే టీవీలో మనుషులు గళ్లు గళ్లుగా విడిపోయేవారు. మేము పైపుకు ఇంకో పైపు అతికించి గిన్నెను పైకి లేపాం. చెరుకు దాన్ని సవాలుగా తీసుకుంది. వారం తిరిగేసరికి మెడ సాచి మళ్లీ అందుకుంది. ఆకాశం నుంచి దిగే సినిమా మధ్యలో బామ్మర్ది తోటలో చెరుకు తిని, మిగిలితే ఇంటికి వచ్చేదన్నమాట.

అప్పుడు పెద్దాయన ఎద్దున్న ఆ సినిమా, కోరితే పంపే సినిమాల జాబితాలో కనబడింది. అన్నీ కొత్త సినిమాల మధ్య ముసలి చుట్టంలాగా ఒక పాతది, ఆదివారం మధ్యాహ్నం ఆట. పేరు చూసి పెద్దాయన నన్ను పిలిపించాడు. ఫోన్ కలిపి ఇచ్చాను. అవతల అమ్మాయి గొంతు చక్కెర పాకంలాగా ఉంది.

"నమస్కారం, మీకు ఎలా సహాయపడగలను?"

"అమ్మా, నువ్వు ఎవలి బిడ్డవు?"

"సర్?"

"ఏ ఊరు అని అడుగుతున్న."

"సర్, మీ కార్డు నంబరు చెప్పండి."

"చెప్త. బువ్వ తిన్నవా ముంగట?"

"తిన్నాను సర్. కార్డు నంబరు..."

నేను నంబరు అందించాను. సినిమా పేరు చెప్పాక పెద్దాయన ఫోన్ వదల్లేదు. "గా సినిమల నా ఎద్దున్నదమ్మా. ఎడమ కొమ్ము ఇరిగుంటది, గుర్తువడుతవు. నువ్వు గూడ సూడు."

"తప్పకుండా సర్. ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఆఁ. జర గట్టిగ పంపుమను. నడుమల చెరుకున్నది."

వార్త సాయంత్రానికి ఊరంతా పాకింది. బామ్మర్ది గట్టు దాటి వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు.

"బావా, ఒక మాట. ఎద్దు కనవడ్డదనుకో, ఇగ గా ముచ్చట నువ్వు చెప్పుడు గాదు, నేనే చెప్త. పెండ్లిల చెప్త, సావుల చెప్త. కనవడకపోతె మాత్రం ఇంకొకపాలి నీ నోట్ల సినిమ మాట రావద్దు. అచ్చినోళ్లకు చాయ్ పోసి ఊకోవాలె."

పెద్దాయన చేతిలో బీడీ ఆరిపోయింది. మీకు ఇది చిన్న పందెంలాగా కనబడవచ్చు. ఆ ముచ్చట తీసేస్తే ఆయన దగ్గర వానలు, యూరియా తప్ప మాట్లాడడానికి ఏమీ మిగలదు. ఊళ్లో ఎవరింటికి చుట్టం వచ్చినా "మా ఊర్ల ఒక మనిషున్నడు" అని ఆయన దగ్గరికి తెచ్చేవారు. నవ్వడానికే తెచ్చేవారు, కానీ తెచ్చేవారు.

"మంచిది" అన్నాడు చివరికి. "ఎద్దు మీద ఒట్టు."

"ఎద్దు సచ్చి ఎన్నేండ్లాయె. గిప్పుడు దాని మీద ఒట్లేంది, పందేలేంది" అంటూ పెద్దవ్వ చాయ్ గ్లాసులు ఎత్తుకుంది. లోపలికి పోబోతూ నా దగ్గర ఆగింది. "బిడ్డా, గిండ్ల ఎన్కున్నోళ్లు గూడ కనవడుతరా?"

"అంత సాఫ్ కనవడుతదవ్వా" అన్నాను, నా ధ్యాసంతా చెరుకు మీద ఉంచి.

మర్నాడు గట్టు మీద బామ్మర్దిని పట్టుకున్నాను. "కాకా, ఛత్రీ ముందటి గడలు నాలుగు కొడితే సాలు."

"పర్మిట్ తే. కొడుత."

తెలియనివాళ్లకు చెప్పాలి. మా దగ్గర చెరుకు రైతుదే గానీ, కొట్టే రోజు ఫ్యాక్టరీది. ఎవరి తోట ఎప్పుడు కొట్టాలో పర్మిట్ రావాలి. అది రాకుండా కొడితే గడ ఎండుతుంది, బరువు తగ్గుతుంది, వీటన్నిటికంటే ముందు పక్క తోటవాడు నవ్వుతాడు.

"నాలుగు గడలకు పర్మిట్ ఎవలిస్తరు కాకా?"

"గందుకే కొట్ట."

"ఓడిపోతవని భయమా?"

ఆ మాట తగిలింది. బామ్మర్ది మీసం సర్దుకున్నాడు. "నాకేం భయం. గడలను ఎన్కకు గుంజి కడుత. కొట్టుడు మాత్రం లేదు. నా చెరుకు అడ్డమచ్చి ఎద్దు కనవడలేదని రేపు మా బావ అంటె నా ఇజ్జత్ పోతది."

ఆదివారం ఊరంతా వచ్చిందంటే అబద్ధమవుతుంది. ఊరు, పక్క ఊరు, ఆ రెండు ఊళ్ల కోళ్లు, బోధన్ బస్సు దిగి తోవ తప్పిన ఒక గాజులామె వచ్చాయి. టీవీ వాకిట్లోకి తెచ్చి గడప మీద ఎత్తుగా పెట్టాం. ముందు చాపల వాళ్లు, వెనక మంచాల వాళ్లు, ఆ వెనక గోడ మీద వాళ్లు. ఒకాయన ఇంటి నుంచి దిండు తెచ్చుకున్నాడు. మా అన్న చర్చి నుంచి నేరుగా ఇస్త్రీ చొక్కాతో దిగాడు. బామ్మర్ది పెద్దవ్వ పాత చీరతో గడలన్నిటినీ వెనక్కి గుంజి, కోడలికి జడ వేసినట్టు కట్టి వచ్చి, మొదటి వరసలో పెద్దాయన పక్కనే కూర్చున్నాడు. ఛత్రీ ముందు ఆకాశం తెరుచుకుంది.

ఆట మొదలైంది. బొమ్మ శుభ్రంగా ఉంది. తెర మీద ఎద్దులాంటిది ఏది కనబడినా జనం పెద్దాయన మొహం చూసేవారు. ఒకసారి గుర్రం వచ్చింది. "బావా, గిదేనా?" అన్నాడు బామ్మర్ది. నవ్వులకు గోడ మీద వాళ్లలో ఒకడు జారి అవతల పడ్డాడు. పెద్దాయన తువ్వాల కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. సగం సినిమా అయినా ఎద్దు రాలేదు.

ఇంటర్వెల్ దాటాక గాలి లేచింది. మా వైపు గాలి బస్సులాగే, రావలసినప్పుడు రాదు. తోట అంతా గలగలమంది. చీర ముడి జారింది. తెర మీద హీరోయిన్ గళ్లుగా విడిపోయి, ముక్కు ఒక మూలకు, చెవి ఒక మూలకు ప్రయాణం కట్టింది.

అన్న లేచి గట్టు మీదికి పరిగెత్తాడు. వెనకే బామ్మర్ది పరిగెత్తాడు.

"నువ్వు ముట్టకు" అనడం నాకు వాకిట్లోకి వినబడింది. "నీకు ఛత్రీ ముఖ్యం, నాకు చెరుకు ముఖ్యం. నువ్వు గుంజితె ఇరుగుతది. నేనే పట్టుకుంట."

అలా ఎవడు ఓడాలో వాడే తన ఓటమికి తోవ తీసి నిలబడ్డాడు. రెండు చేతులా చెరుకును కౌగిలించుకుని, ఆకులు చెవులు కోస్తుంటే, గోడ అవతలి నుంచి మా వృత్తి కేక తనే అందుకున్నాడు.

"అచ్చిందా?"

"అచ్చింది కాకా."

"ఎద్దా?"

"బొమ్మ."

కాసేపటికి మళ్లీ, "గిప్పుడేమైతున్నది?" పాట అన్నాను. "ఎవలు పాడుతున్నరు?" హీరో అన్నాను. "ఎద్దు గాదు గద?" కాదన్నాను. పాట అయిపోయింది. తెర మీద ఒక మట్టి తోవ, రెండు వైపులా చెరుకు.

పెద్దాయన చాప మీద నుంచి లేచాడు. "ఇగో. గిదే తొవ్వ."

వాకిట్లో మెడలన్నీ ముందుకు సాగాయి. కోళ్లు కూడా మెడలు సాచాయి, నా మాట నమ్మండి. తోవ మలుపులో బండి కనబడింది. ముందు చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ మెల్లగా అంది, "ఎద్దు." రెండో వరస అంది, "ఎద్దు." తర్వాత గోడ, గోడ అవతల పడ్డవాడు, గాజులామె, అందరూ ఒకేసారి అందుకున్నారు.

"ఏంది? ఏమచ్చింది?" బయటి నుంచి బామ్మర్ది.

ఒక్కరూ జవాబు చెప్పలేదు. "అచ్చింది" అనడం నా ఉద్యోగం. నేను కూడా మర్చిపోయాను.

నలభై ఏళ్లు కాదు కాదు అన్న మనిషి, అవునో కాదో తేలే క్షణంలో చెరుకును కౌగిలించుకుని ఎంతసేపు నిలబడగలడు? వదిలేసి ఉరికాడు. చెరుకంతా ఒక్కసారిగా వచ్చి ఛత్రీ మీద పడింది.

తెర మీద బండి దగ్గరికి వచ్చింది, ఎద్దు మూతి ఇటు తిప్పింది. అక్కడే ఆగిపోయింది.

మొండి డబ్బా కరిచి పట్టుకుంది. మామూలుగా నడిచి ఉంటే ఆ ముక్క కన్ను మూసి తెరిచేలోగా పోయేది. ఉంది లేదని ఊరు ఇంకో నలభై ఏళ్లు కొట్టుకునేది. ఇప్పుడు ఎద్దు గడప మీద ప్రతిష్ఠించినట్టు నిలబడింది. ఎడమ కొమ్ము విరిగి ఉంది. అన్న వాకిట్లోకి వచ్చి అలవాటుగా కార్డు పీకబోయాడు.

"ముట్టకు" అన్నాడు పెద్దాయన. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

జనం చూపు మెల్లగా తెరంతా తిరగడం మొదలైంది.

"ఎద్దయితె ఉన్నది."

"కొమ్ము గూడ ఇరిగే ఉన్నది. మాట మాటే."

"మరి పెద్దాయనేడి?"

"అగో, పగ్గం పట్టుకున్న చెయ్యి."

"మోచెయ్యి దాంకనే ఉన్నడు గద. మిగతాది ఏడవాయె?"

"హీరో గూడ కాలే ఉన్నది తియ్యి. ఎద్దొక్కటే మొత్తమున్నది."

బామ్మర్ది పెరటి సందు మొదట్లో నిలబడ్డాడు. జుట్టు నిండా చెరుకాకు, చెవి మీద రక్తపు గీత. అతను ఎద్దును చూడడం లేదు. ఎద్దు వీపు మీదుగా వెనక గట్టును చూస్తున్నాడు. అక్కడ నెత్తి మీద సద్ది గంపతో ఒక పిల్ల నిలబడి ఉంది. కొత్త పెళ్లికూతురు వయసు. సినిమా గురించి ఎవరూ ఏమీ చెప్పనందువల్ల నేరుగా కెమెరాలోకి, అంటే ఇప్పుడు మా వాకిట్లోకి చూస్తోంది.

"బావా" అన్నాడు బామ్మర్ది, "ఎద్దునిడువు. ఎన్క నిలవడ్డది మా అక్క గదా?"

తలలన్నీ వంటింటి వైపు తిరిగాయి. పెద్దవ్వ చాయ్ గ్లాసుల పళ్లెంతో తలుపు దగ్గర ఉంది. ఆ గంప ఇప్పుడు లేదు గానీ, నిలబడే తీరు అదే.

"నువ్వు గూడ ఉన్నవా?" అన్నాడు పెద్దాయన.

"సద్ది తెచ్చిన గద ఆ దినం. కదలకని గాడ ఎండల నిలవెట్టిండ్రు."

"మరి ఇన్నేండ్లసంది చెప్పకపోతివి."

"నువ్వు ఎద్దు ముచ్చట చెప్పుకుంట మస్తు సంబురపడుతుంటివి. నడుమల నేనెందుకు?"

ఎద్దు పందెం గెలిచిన పెద్దాయన మొహంలో గెలుపు వెతికాను. లేదు. తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మళ్లీ తెర వైపు చూశాడు.

"ఏం తెచ్చినవే ఆ దినం?"

"జొన్నరొట్టె, పుంటికూర. నువ్వు తినలే. సినిమోళ్ల బువ్వ తిన్నవు" అంది, గ్లాసులు పంచుతూ. పెద్దాయన వంతుకు వచ్చేసరికి చాయ్ అయిపోయింది. అది యాదృచ్ఛికమని నేను అనుకోను.

సినిమాలో ఆ తర్వాత ఏమైందో ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. హీరో గెలిచాడో, ఆ బండి మీద నుంచే పడి చచ్చాడో. ఆట వేళ దాటిపోయే దాకా బొమ్మను కదలనివ్వలేదు.

పందెం ప్రకారం ముచ్చట బామ్మర్ది చేతికి పోయింది. అతను మాట తప్పలేదు, కొంచెం మరమ్మతు చేశాడంతే. "మా అక్క సినిమల ఉన్నది" అని మొదలుపెట్టేవాడు. "పక్కన ఒక ఎద్దు గూడ ఉండె" అని కలిపేవాడు. "నేను సరిగ్గ టైముకు చెరుకు ఇడిసిపెట్టిన గనక ఆగింది" అని ముగించేవాడు. బావ ప్రస్తావన ఎక్కడా ఉండేది కాదు. మోచేయికి అంతకంటే ఏం దక్కుతుంది?

తర్వాత పర్మిట్ వచ్చింది. చెరుకు కొట్టేశారు. గట్టు అవతల మళ్లీ మోళ్లు, మళ్లీ నిజామాబాద్ దాకా ఖాళీ ఆకాశం. ఇక ఆ ఇంటి నుంచి ఫిర్యాదు రాదని ఊపిరి పీల్చుకున్నాను. శివరాత్రి దాటాక దుకాణానికి ఫోన్ వచ్చింది.

"తమ్మీ, బొమ్మ ఆగుతలేదు."

"ఆగుతలేదంటె?"

"గా సినిమ మల్ల పెట్టిండ్రు, మల్ల అడిగి తెప్పిచ్చిన. సాఫ్ అస్తున్నది. ఉరుకుతున్నది, పోతున్నది. ఎట్ల సూడాలె మరి? అచ్చి ఖరాబు చేసిపో."

సేటుకు చెప్పాను. ఆయన చాలాసేపు మీదికి చూసి తల ఊపాడు. సిగ్నల్ వస్తోందన్న ఫిర్యాదుకు ఆయన ఉపదేశాల్లో మందు లేదు.

నేనూ అన్నా బయలుదేరి పోయేసరికి వాళ్లు మా కోసం ఆగకుండా పని మొదలుపెట్టేశారు. మధ్యాహ్నం ఆట నడుస్తోంది. బయట ఛత్రీ పక్కన బామ్మర్ది నల్ల గొంగడిని వల విసిరేవాడిలాగా రెండు చేతులా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. లోపల పెద్దాయన టీవీకి మూరెడు దూరంలో పీట మీద కూర్చున్నాడు. పెద్దవ్వ పక్క అరుగు మీద పసుపు కొమ్ములు ఏరుతూ, "ఇద్దరికి పిస వట్టింది బిడ్డా, పిచ్చోళ్లైండ్రు" అంది మమ్మల్ని చూసి. కానీ ఆమె పీట వేసుకున్నది మాత్రం తెర కనబడే వైపే.

పాట అయిపోయింది. మట్టి తోవ వచ్చింది. మలుపులో బండి కనబడింది. ఎద్దు దగ్గరికి వచ్చి, విరిగిన కొమ్ముతో మూతి ఇటు తిప్పింది.

"ఎయ్యాల్నా బావా?" బయటి నుంచి కేక.

"ఆగు" అన్నాడు పెద్దాయన, తెర మీద నుంచి కన్ను తీయకుండా. "ఎద్దును పోనియ్యి... ఇంకింత... ఆఁ, ఎయ్యి."

గొంగడి పడింది. తెర నిలిచింది. ఎద్దు తోక మాత్రం మూలకు మిగిలింది. ఇంటినిండా సద్ది గంప, ఎండ, ఆ చూపు.

"ఆగిందా?" అని బయటి నుంచి అడిగాడు బామ్మర్ది. పెద్దాయన పీటను తెరకు ఇంకో జానెడు దగ్గరికి జరుపుకున్నాడు. బామ్మర్ది మరోసారి అడిగాడు. ఈసారి మర్చిపోకుండా నా ఉద్యోగం నేను చేశాను.

"ఆగింది కాకా."